గుల్ మీర్‌కు నేను చెప్పని అంకె

ఎవరి కోసం రాస్తున్నాను

మోరిస్‌విల్‌లో మా వీధి చివరి ఇంట్లో ఉండే నిహారిక లా స్కూల్ పూర్తి చేసి, సైన్యంలో లాయరుగా చేరబోతోంది. సెలక్షన్ లెటర్ వచ్చిన వారానికి మా ఇంటికి వచ్చింది. అదే ఉద్యోగం నేను ఇరవై రెండేళ్లు చేసి రిటైరయ్యానని వాళ్ళమ్మ చెప్పిందట.

"ఆంటీ, ఆ జాబ్ రియల్‌గా ఎలా ఉంటుంది? వెబ్‌సైట్‌లో అంతా నైస్‌గానే ఉంది," అని అడిగింది.

కాఫీ ఇచ్చి గంటసేపు మాట్లాడాను. ఏ బేస్‌లో ఇళ్ళు బాగుంటాయో, ఎక్కడ మన కూరగాయలు దొరకవో చెప్పాను. ఆ అమ్మాయి వెళ్ళిపోయాక, కప్పులు కడుగుతుంటే తెలిసింది, అడిగినదానికి జవాబు చెప్పనేలేదని. ఆ జవాబు ఇది. నిహారికకు తెలుగు చదవడం రాదు. వాళ్ళమ్మ చదివి వినిపిస్తానంది. ఇంగ్లీషులోనే రాయొచ్చు కదా అంటారేమో. ఈ సంగతులు ఇంగ్లీషులో ఒకసారి రాశాను, కోర్టు కోసం. అవతలి లాయరు అభ్యంతరం చెప్పడానికి వీల్లేకుండా రాశాను. అలా రాస్తే ఏమేం జారిపోతాయో చెప్పడానికే ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టాను.

నేను తొమ్మిదో ఏట అమెరికా వచ్చాను. నాన్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేసేవారు. ఇంట్లో అమ్మమ్మ ఉండేది కాబట్టి నాకు తెలుగు నిలిచింది. లా చదివాక పెద్ద లా ఫర్మ్‌లో చేరిన నా స్నేహితులు ఏళ్ళ తరబడి డాక్యుమెంట్లు చదువుతూ కూర్చున్నారు. నాకు కోర్టులో నిలబడి వాదించాలని ఉండేది. సైన్యంలో చేరితే మొదటి ఏడాదే వాదించనిస్తారని విని చేరాను.

"కోర్టే కావాలంటే డిట్రాయిట్‌లో లేవా?" అన్నారు నాన్న.

"ఇంత త్వరగా ఎవరూ కేసులివ్వరు నాన్నా."

"త్వరగా ఇస్తున్నారంటే ఎందుకిస్తున్నారో కనుక్కున్నావా?"

కనుక్కోలేదు.

నేర్పిన మాటలు

మొదటి మూడేళ్ళు నేను డిఫెన్స్ వైపు పనిచేశాను. అప్పట్లో వచ్చిన ఒక కేసు ముందు చెప్పాలి. అది చెప్పకపోతే తర్వాత జరిగినదానికి అర్థం ఉండదు.

డెన్నిస్ అని ఇరవై ఏళ్ళ సైనికుడు. అఫ్ఘానిస్తాన్‌లో ఒక చెక్‌పోస్ట్ దగ్గర ఆగమన్నా ఆగని కారు మీద కాల్చాడు. వెనక సీట్లో ఉన్న ఆవిడ చనిపోయింది. నిర్లక్ష్యంగా కాల్చి చంపాడని కేసు పెట్టారు. నేరం ఒప్పుకుంటే శిక్ష ఆరు నెలలు దాటకుండా ఒప్పందం తెచ్చాను. చాలా గొప్ప పని చేశాననుకున్నాను.

బయటి కోర్టుల్లో నేరం ఒప్పుకోవడం కొన్ని నిమిషాల్లో అయిపోవచ్చు. సైనిక కోర్టులో అలా కుదరదు. ముద్దాయి ప్రమాణం చేసి, తను ఏం చేశాడో, అది ఎందుకు నేరమో తన సొంత మాటల్లో జడ్జికి చెప్పాలి. జడ్జి గుచ్చి గుచ్చి అడుగుతాడు. ఎక్కడైనా "నా తప్పు లేదు" అనే అర్థం వచ్చిందా, ఆ ఒప్పుకోలు చెల్లదు. అందుకని నేను డెన్నిస్‌ను రెండు వారాలు తయారుచేశాను. ప్రశ్న నేను అడగడం, జవాబు వాడు చెప్పడం. చివరికి బాగానే అప్పజెప్పాడు.

కోర్టులో జడ్జి ఐదో ప్రశ్నో ఆరో ప్రశ్నో అడిగాడు. "నీ స్థానంలో జాగ్రత్త గల సైనికుడు ఉంటే ఏం చేసేవాడు?"

డెన్నిస్ నావైపు చూశాడు. తర్వాత జడ్జి వైపు తిరిగి, "కాల్చేవాడు సర్," అన్నాడు.

జడ్జి ఫైలు మూసేశాడు. "కెప్టెన్, ఇతనికి మీరు మాటలు నేర్పారు. అతను నమ్మేది వేరే ఉంది. ముందు అదేమిటో కనుక్కోండి," అన్నాడు.

ఒప్పందం పోయింది. విచారణ జరిగింది. నిర్దోషి అని తీర్పు వచ్చింది. నా మాట విని ఉంటే ఆ కుర్రాడు చేయని నేరానికి జైల్లో కూర్చునేవాడు. నేను అతన్ని ఏం జరిగిందని అడగకముందే ఎంత శిక్షకు ఒప్పించవచ్చో లెక్కవేసుకున్నాను. ఈ ఉద్యోగంలో అందరికంటే ముందు పట్టుకునే జబ్బు అదే. నాకు అది తగ్గిందనుకున్నాను.

కాలవ దగ్గర ఇద్దరు

నాలుగేళ్ళ తర్వాత ప్రాసిక్యూటర్‌గా ఉన్నప్పుడు సార్జెంట్ కోల్‌మన్ కేసు నా చేతికి వచ్చింది. ఈ పేర్లన్నీ మార్చాను.

అఫ్ఘానిస్తాన్‌లో ఒక ఊరి బయట పొద్దున్నే ఇద్దరు మనుషులు సాగునీటి కాలవలో పూడిక తీస్తున్నారు. ఒకడికి నలభై ఏళ్ళుంటాయి, ఇంకొకడికి పంతొమ్మిది. బాబాయి, కొడుకు వరస. కోల్‌మన్ తన మనుషులతో ఆ దారిన వచ్చాడు. నెల కిందట ఆ దారిలోనే బాంబు పేలి అతని స్నేహితుడికి రెండు కాళ్ళూ పోయాయి. కోల్‌మన్ వాళ్ళిద్దరినీ కాసేపు చూసి, కాల్చి చంపాడు. తర్వాత సంచిలోంచి ఒక వైరు ముక్క తీసి పారల పక్కన పడేయించాడు. బాంబు పెడుతుంటే కాల్చామని రిపోర్టు రాశాడు. ఆ రిపోర్టు ఆధారంగా సైన్యం ఒక ప్రకటన కూడా చేసింది.

రెండు నెలల తర్వాత హాలీ అనే సైనికుడు నిజం చెప్పాడు. మాకున్న సాక్షి అతనొక్కడే. డిఫెన్స్ లాయరు ఇంటర్వ్యూ చేసేసరికి అతను తడబడ్డాడు. వైరు సంగతి మీద గట్టిగా నిలబడ్డాడు కానీ, కాల్చేముందు కోల్‌మన్‌కు ఏం తెలుసు, ఏం తెలియదు అన్నచోట మూడుసార్లు మూడు రకాలుగా చెప్పాడు. శవాలను అదే రోజు ఖననం చేశారు, పోస్ట్‌మార్టం లేదు. ఆ ప్రాంతానికి మళ్ళీ వెళ్ళి చూసే వీలు కూడా లేదు.

డిఫెన్స్ నుంచి కబురు వచ్చింది. రెండు హత్యలూ ఒప్పుకుంటాడు, అయితే ముందుగా పథకం వేసి చేసినట్టు కాదు. జైలు పన్నెండేళ్ళు దాటకూడదు.

కేసును కోర్టుకు పంపే జనరల్‌కు సలహా ఇచ్చేది మా కర్నల్ బ్రిగ్స్. నేను చూసిన బాసుల్లో బాగా చదువుకున్నవాడు, మాట తూకం తప్పనివాడు. "విచారణకు వెళితే గెలుస్తామా?" అని అడిగాడు.

"సగం సగం సర్."

"సగం సగం అంటే ఆ ఇద్దరూ బాంబు పెట్టేవాళ్ళుగానే రికార్డులో మిగిలిపోయే అవకాశం సగం ఉందన్నమాట. ఒప్పందం రాయి."

రాశాను. ఆ నిర్ణయం తప్పని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. నా బాధ దాని గురించి కాదు.

జడ్జికి తెలియకూడనిది

ఆ రోజుల్లో పద్ధతి ఇలా ఉండేది. ఒప్పందంలో రెండు భాగాలు. ఏ నేరాలు ఒప్పుకుంటాడన్నది ఒక భాగం. అది జడ్జి ముందే చూస్తాడు. శిక్ష ఎంత దాటకూడదన్నది రెండో భాగం. అది వేరే కాగితం మీద ఉంటుంది. జడ్జి దాన్ని చూడకుండా సాక్ష్యాలు విని, తనకు న్యాయమనిపించిన శిక్ష చెబుతాడు. చెప్పాక ఆ కాగితం తెరుస్తాడు. రెండింటిలో ఏది తక్కువైతే అదే అమలవుతుంది. నా ఉద్యోగం చివరి ఏళ్ళలో ఈ పద్ధతి మార్చారు. ఇప్పుడు జడ్జికి హద్దు ముందే తెలుస్తుంది. నిహారిక దీన్ని పుస్తకంలో పాత చరిత్రగా చదువుతుంది.

శిక్ష విధించే విచారణలో సాక్ష్యం చెప్పడానికి చనిపోయినవాళ్ళ కుటుంబం నుంచి ఒకరిని పిలిపించాలనుకున్నాం. గుల్ మీర్ వచ్చాడు. చనిపోయినవాళ్ళలో పెద్దవాడు ఆయన తమ్ముడు, చిన్నవాడు ఆయన కొడుకు. యాభై దాటిన రైతు. వాళ్ళ ఊరి నుంచి మా బేస్‌కు చేరడానికి నాలుగు రోజులు పట్టింది. పష్తో నుంచి ఇంగ్లీషులోకి చెప్పడానికి వహీద్ అని వర్జీనియాలో స్థిరపడ్డ అఫ్ఘాన్ స్కూలు మాస్టరును పెట్టాం.

గుల్ మీర్ విమానం ఎక్కడానికి మూడు వారాల ముందే ఒప్పందం మీద సంతకాలైపోయాయి.

"ఆయనకు పన్నెండు అన్న సంగతి చెప్పనా సర్?" అని కర్నల్‌ను అడిగాను.

"వద్దు. బోనులో నిలబడి ఆ అంకె అన్నాడంటే జడ్జి చెవిన పడుతుంది. మళ్ళీ మొదటికి వస్తాం."

అది నిజమే. అందుకని హోటల్లో గుల్ మీర్‌ను కలిసినప్పుడు, కోల్‌మన్ నేరం ఒప్పుకుంటున్నాడు, శిక్ష జడ్జి చెబుతాడు, మీ కుటుంబం ఏం పోగొట్టుకుందో మీరు చెప్పాలి అని మాత్రం అన్నాను. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆయన చెయ్యి గుండెల మీద పెట్టుకుని తల వంచాడు.

ఇంకొక పని కూడా చేశాను. కోల్‌మన్‌ను జడ్జి ప్రశ్నలు అడుగుతున్నంతసేపూ గుల్ మీర్‌ను సాక్షుల గదిలో కూర్చోబెట్టాను. సాక్షులు ఒకరి మాటలు ఒకరు వినకూడదన్నది మామూలు రూలు. ఆయన విషయంలో సడలించమని అడిగితే జడ్జి ఒప్పుకునేవాడే. నాకు అడగాలని తట్టలేదు. గోడకు అవతల కోల్‌మన్ ప్రమాణం చేసి మొత్తం చెప్పాడు. గుల్ మీర్ ఆ గదిలో కాగితం కప్పులో టీ పట్టుకుని కూర్చున్నాడు.

ఆయన వంతు వచ్చింది. బోనులో కూర్చుని వహీద్ వైపు కాకుండా జడ్జి వైపే చూస్తూ మాట్లాడాడు. కొడుకు గురించి, తమ్ముడి గురించి నేను అడిగినవన్నీ చెప్పాడు. అడగనిది ఒకటి చెప్పాడు.

"కాలవ పూడిక తీయడం మా ఊళ్ళో వంతుల ప్రకారం జరుగుతుంది. ఆ రోజు వంతు నాది. నాకు జ్వరం. నా బదులు వాళ్ళు వెళ్ళారు."

చివర్లో, ఇంకేమైనా చెప్పాలా అని అడిగాను.

"ఈ పెద్దమనిషి న్యాయం చేస్తాడని ఇంత దూరం వచ్చాను. ఆయన ఎంతంటే అంత," అన్నాడు.

డిఫెన్స్ లాయరు బల్ల వైపు చూశాడు. నేను నా నోట్సు వైపు చూశాను. అక్కడ ఆ అంకె తెలియనివాళ్ళు జడ్జి, గుల్ మీర్, వహీద్, ఇంకా వెనక కూర్చున్న కొద్దిమంది. తెలియకూడదని చట్టం చెప్పింది వాళ్ళలో ఒక్క జడ్జి గురించే.

నలభై నిమిషాలు

జడ్జి శిక్ష ఆలోచించుకోవడానికి లోపలికి వెళ్ళాడు. నలభై నిమిషాలు పట్టింది. గుల్ మీర్ సాక్ష్యం అయిపోయింది. ఇక ఆయన బోనెక్కడు. ఇప్పుడు చెబితే ఏ ప్రమాదమూ లేదు. కారిడార్‌లో బెంచీ మీద కూర్చున్నాడు, నా ఆఫీసు గది నుంచి పది అడుగులు.

నేను గదిలో కూర్చుని, ఉప్పు బిస్కట్లు తింటూ, సాయంత్రం పంపాల్సిన రిపోర్టులో తేదీలు సరిచూసుకున్నాను.

వహీద్ తలుపు తట్టాడు. "మేజర్, ఆయన అడుగుతున్నాడు. జడ్జి గారు చెప్పేదే ఆఖరి మాటా అని."

"దాదాపు," అన్నాను.

"దాదాపు అంటే ఏమని చెప్పను?"

"కోర్టు అయ్యాక నేనే వివరంగా చెబుతాను. కాస్త ఓపిక పట్టమనండి."

వహీద్ ఒక్క క్షణం నిలబడి వెళ్ళిపోయాడు. అతనికి అప్పుడే అనుమానం వచ్చి ఉంటుంది.

ఎందుకు చెప్పలేదని చాలాసార్లు నన్ను నేను అడిగాను. రూలు గుర్తొచ్చి కాదు. భయమేసింది. ఆయన లేచి వెళ్ళిపోతాడేమోనని, హాల్లో ఆయన కుర్చీ ఖాళీగా కనిపిస్తుందేమోనని. అంతవరకు కేసు బాగా నడిచింది. బాగా నడిచిన కేసును చెడగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

జడ్జి వచ్చాడు. కోల్‌మన్ లేచి నిలబడ్డాడు.

"ముప్ఫై రెండేళ్ళ జైలు," అన్నాడు జడ్జి.

వహీద్ గుల్ మీర్ చెవిలో చెప్పాడు. గుల్ మీర్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, జడ్జి వైపు చూస్తూ చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. ఆయన ముఖం ఆ ఒక్క నిమిషం ఎలా ఉందో నేను చూశాను. ఆ నిమిషం నేను ఇచ్చినదే, నేను తీసుకున్నదే.

జడ్జి ఒప్పందం రెండో కాగితం తెరిచాడు. చదువుతుంటే కనుబొమలు కొంచెం కదిలాయి. "ఒప్పందం ప్రకారం పన్నెండేళ్ళకు మించిన శిక్ష అమలు కాదు," అన్నాడు.

వహీద్ అనువాదం చేయడం ఆపేశాడు. గుల్ మీర్ అతని వైపు తిరిగాడు. వహీద్ నావైపు చూశాడు. అతను చెప్పక తప్పలేదు.

తర్వాత సాక్షుల గదిలో ముగ్గురం కూర్చున్నాం. వహీద్ ఆయన మాటలను ఏ రంగూ వేయకుండా ఇంగ్లీషులో చెప్పాడు.

"ఆయన ముప్ఫై రెండు అన్నాడు. తర్వాత ఒక కాగితం చూసి పన్నెండు అన్నాడు. ఆ కాగితం ఎవరు రాశారు?"

"నేను రాశాను," అన్నాను.

"ఎప్పుడు?"

"మూడు వారాల కిందట."

"నేను రాకముందు."

"అవును."

"మరి నన్ను ఎందుకు పిలిచారు?"

జవాబు చెప్పాను. సాక్షి తడబడ్డాడనీ, పోస్ట్‌మార్టం లేదనీ, ఒప్పందం లేకపోతే కోల్‌మన్ ఇంటికి వెళ్ళిపోయే అవకాశం సగం ఉండేదనీ చెప్పాను. జడ్జికి అంకె ఎందుకు తెలియకూడదో కూడా చెప్పాను. వహీద్ అన్నీ చెప్పాడు. గుల్ మీర్ మధ్యలో ఆపలేదు. నేను ముగించాక, "హోటల్‌కు వెళదాం," అని వహీద్‌తో అన్నాడు.

మర్నాడు ఎయిర్‌పోర్ట్‌కి నేనే డ్రైవ్ చేశాను. దారంతా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. దిగాక వహీద్‌ను కౌగిలించుకున్నాడు. నాకు తల ఊపాడు. చెయ్యి గుండెల మీదకు రాలేదు.

ఆఫీసుకు వచ్చాక కర్నల్ బ్రిగ్స్, "మంచి ఫలితం, సుధా," అన్నాడు.

గుల్ మీర్ అడిగింది చెప్పాను. ఆయన పెన్ను బల్ల మీద పెట్టాడు. "రిసెస్‌లో, జడ్జి లోపలికి వెళ్ళినప్పుడు చెప్పాల్సింది," అన్నాడు.

"మీరే వద్దన్నారు కదా సర్."

"సాక్ష్యం చెప్పేదాకా వద్దన్నాను."

ఇన్నేళ్ళలో నా పై అధికారులు అన్న మాటల్లో నన్ను ఎక్కువ వెంటాడింది ఇదే. ఎందుకంటే ఆయన చెప్పింది సరైనదే. మిగతాదంతా నేను చేసుకున్నది.

తర్వాత చేసిన దిద్దుబాటు

ఆ తర్వాత నేను చేసిన ప్రతి ఒప్పందంలోనూ సంతకాలకు ముందే కుటుంబానికి చెప్పాను. తర్వాత చట్టంలోనే ఆ హక్కు వచ్చింది. దాంతో అన్నీ బాగుపడ్డాయని మాత్రం అనుకోవద్దు.

ఒక కేసులో చనిపోయిన కుర్రాడి తల్లితో వీడియో కాల్‌లో మాట్లాడాను. ముద్దాయి ఐదేళ్ళకు ఒప్పుకుంటానంటున్నాడు, మా సాక్ష్యం అంత గట్టిగా లేదు అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చాలాసేపు ఆలోచించి, వద్దంది. "ఐదేళ్ళకు నేను సరే అన్నానని నా కొడుకు సమాధి దగ్గర చెప్పలేను," అంది. ఆమె మాటను అలాగే రాసి జనరల్‌కు పంపాను. ఆయన ఒప్పందం తిరస్కరించాడు. విచారణ జరిగింది. ముద్దాయి నిర్దోషిగా బయటికి వచ్చాడు.

ఆమెకు ఫోన్ చేసి చెప్పింది కూడా నేనే. "మీరు ముందే చెప్పారు," అని మాత్రం అని, పెట్టేసింది. నన్ను తిట్టి ఉంటే కొంచెం సులువుగా ఉండేది.

నా కింద పనిచేసిన ఒక యువ లాయరు, "చూశారా మేడమ్, అడక్కుండా ఉంటే ఐదేళ్ళయినా పడేది," అన్నాడు. లెక్క ప్రకారం అతని మాట నిజం. అయినా అడగడమే సరైనదని నా అభిప్రాయం. అయితే అడగడం వల్ల మన చేతులు శుభ్రమవుతాయని అనుకుంటే అది పొరపాటు. మోయలేని నిర్ణయంలో సగం తీసుకెళ్ళి, కొడుకును పోగొట్టుకున్న తల్లి నెత్తిన పెట్టాను. అది కూడా నేను చేసినదే.

కోల్‌మన్ సుమారు ఎనిమిదేళ్ళకు విడుదలయ్యాడు. నాకు మామూలు పద్ధతిలో ఒక నోటీసు వచ్చింది. గుల్ మీర్‌కు కూడా పంపారా అని ఆరా తీశాను. ఫారంలో చిరునామా దగ్గర ఊరి పేరు, జిల్లా పేరు మాత్రమే ఉన్నాయట. ఎవరూ పంపలేదు. వహీద్ నంబరు నా దగ్గర ఉంది. చేయాలనుకున్నాను. వారం గడిచింది, నెల గడిచింది. చేయలేదు.

పద్నాలుగు పేజీలు

రిటైరయ్యాక ఒకరోజు వహీదే ఫోన్ చేశాడు. ఆయనిప్పుడు బాగా ముసలివాడయ్యాడు. గుల్ మీర్ ఎవరి ద్వారానో ఆయన నంబరు సంపాదించి మాట్లాడాడట.

"ఆయనకు ఒక కాగితం కావాలట మేజర్," అన్నాడు. నేను మేజర్‌ను కానని చెప్పినా ఆ పిలుపు మానలేదు.

"ఏ కాగితం?"

"వాళ్ళ పక్కింటాయన అల్లుడు ఆ కాలవ దారిలోనే బాంబు పేలి చనిపోయాడట. కాల్పులు జరగడానికి నెల ముందు. గుల్ మీర్ తమ్ముడి పార పక్కన వైరు దొరికిందని సైన్యం ప్రకటించింది కదా. ఆ బాంబు కూడా గుల్ మీర్ తమ్ముడే పెట్టాడని పక్కింటాయన నమ్మకం. ఇన్నేళ్ళుగా ఆ రెండు ఇళ్ళ మధ్య మాటల్లేవు. ఇప్పుడు పక్కింటాయన మంచాన పడ్డాడు. ఆయన పోయేలోపు, తన తమ్ముడు అలాంటివాడు కాదని చూపించే కాగితం ఏదైనా అమెరికాలో ఉంటుందా అని గుల్ మీర్ అడుగుతున్నాడు."

ఆ కాగితం ఉంది. కోల్‌మన్ ప్రమాణం చేసి జడ్జికి చెప్పిందంతా రికార్డులో ఉంది. గుల్ మీర్ ఆ పక్క గదిలోనే ఉన్నాడు. కోల్‌మన్ నేరం ఒప్పుకున్నాడని మాత్రమే ఆయనకు తెలుసు, చంపానని ఒప్పుకున్నాడనుకున్నాడు. వాళ్ళ తప్పేమీ లేదని కూడా కోల్‌మన్ తన నోటితో చెప్పాడని ఆయనకు ఎవరూ చెప్పలేదు. శిక్ష తర్వాత ఆ గదిలో నేను అంతసేపు మాట్లాడానే, సాక్షి గురించి, పోస్ట్‌మార్టం గురించి, జడ్జి గురించి చెప్పానే, ఈ ఒక్కటి చెప్పలేదు. ఒప్పందం వల్ల ఆ కుటుంబానికి దక్కింది ఏమైనా ఉంటే అదొక్కటే. దాన్ని నేను ఫైల్లో పెట్టి మూసేశాను.

రికార్డు కాపీ కోసం అందరిలాగే నేనూ అర్జీ పెట్టుకున్నాను. ఏడు నెలలు పట్టింది. మధ్యలో వహీద్ రెండుసార్లు ఫోన్ చేసి, పక్కింటాయన ఇంకా ఉన్నాడని చెప్పాడు. కాపీ వచ్చిన మర్నాడు పొద్దున మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఫోన్ కలిపాను. అటు వర్జీనియాలో వహీద్, ఇంకా అటు గుల్ మీర్. ఆయన గొంతు సన్నగా, దూరంగా వినిపించింది.

మొత్తం పద్నాలుగు పేజీలు. ఒక్కొక్క వాక్యం నేను చదివాను, వహీద్ పష్తోలో చెప్పాడు.

జడ్జి: కాల్చేముందు వాళ్ళను ఎంతసేపు చూశావు?

కోల్‌మన్: పది నిమిషాలు సర్.

జడ్జి: వాళ్ళు ఏం చేస్తున్నారు?

కోల్‌మన్: కాలవలో మట్టి తీస్తున్నారు సర్.

జడ్జి: ఆయుధం గానీ వైరు గానీ చూశావా?

కోల్‌మన్: లేదు సర్. వైరు నేను పెట్టించాను.

జడ్జి: వాళ్ళు ఏదైనా తప్పు చేస్తున్నారని నమ్మావా?

కోల్‌మన్: లేదు సర్. వాళ్ళు ఏ తప్పూ చేయలేదు. నాకు కోపంగా ఉంది.

అక్కడ గుల్ మీర్ ఆపమన్నాడు. ఆ చివరి జవాబు మళ్ళీ చదవమన్నాడు. చదివాను. మూడోసారి చదవమన్నాడు. మూడోసారి వహీద్ నాకోసం ఆగలేదు, తనే చెప్పేశాడు.

తర్వాత ఆయన ఏదో అడిగాడు.

"వాళ్ళ పేర్లు పలికాడా, అని అడుగుతున్నాడు," అన్నాడు వహీద్.

పేజీలన్నీ మళ్ళీ తిరగేశాను. కోల్‌మన్ జవాబుల్లో ఎక్కడా పేర్లు లేవు. పెద్దతను, చిన్నతను అన్నాడు, వాళ్ళు అన్నాడు. జడ్జి ప్రశ్నల్లో పేర్లు ఉండేవి. కానీ బయటికి ఇచ్చే కాపీల్లో చనిపోయినవాళ్ళ పేర్లు కనబడకూడదని రూలట. పేరు ఉండాల్సిన ప్రతిచోటా నల్లగా కొట్టేసి ఉంది.

ఈసారి ఆలస్యం చేయలేదు. కారణాలూ చెప్పలేదు. "లేదు," అన్నాను. "అతను పలకలేదు. జడ్జి పలికాడు. కానీ ఈ కాగితంలో ఆ పేర్ల మీద నల్లరంగు పూసి ఉంది."

వహీద్ చెప్పాడు. గుల్ మీర్ జవాబు చిన్నగానే వచ్చింది.

"పంపించండి," అని వహీద్ గొంతులో విన్నాను. "పేర్లు మేం రాసుకుంటాం."